కాలర్ పైకి కట్టమన్నరు, కత్తిరించమని ఎవరన్నరు?



మొన్న మన గ్రూపులో ఒక అన్న పెట్టిన పోస్టు మీరందరు చదివే ఉంటరు. ఎయిర్‌పోర్ట్ ఇంటర్వ్యూలకు పోయే చెల్లెళ్లకు సలహాలు అని. సర్టిఫికెట్లు వరుసగా పెట్టుకోండి, అరగంట ముందే చేరుకోండి, కళ్లలోకి చూసి మాట్లాడండి అన్నరు. అవన్నీ మంచి మాటలే, కాదనను. కానీ మూడో సలహా దగ్గర నాకు ఒళ్లు మండింది. పొడుగు జడ తీసెయ్యాలట. భుజాల దాకా కట్ చేయించి స్మూత్‌నింగ్ చేయించుకోవాలట. నూనె పెట్టిన తల "తండా లుక్" ఇస్తదట. దానికింద మస్తు లైకులు. లైకు కొట్టినోళ్లల్ల సగం మంది తండాలోళ్లే.

అన్నా, మీరు మంచి మనసుతోనే రాసి ఉంటరు. అయినా ఆ మాట తప్పు. కాలేజీ హాస్టల్లో ఉంటూ, రోజూ నడుము దాటే జుట్టుతో బతికే దాన్ని కాబట్టి ఎందుకు తప్పో వివరంగ చెప్త.

ముందు రూల్ సంగతి. శంషాబాద్‌ల ఏ గోడ మీద చూసినా కాబిన్ క్రూ, గ్రౌండ్ స్టాఫ్ ట్రైనింగ్ బోర్డులే. అట్లాంటి ఒక సెంటర్‌కి మా ఫ్రెండ్‌తోని పోయిన. అక్కడి మేడం మా ఇద్దరి జడలు చూసి మొదటి మాటనే "ఇది నడవదు" అన్నది. సర్టిఫికెట్ చూడలే, ఇంగ్లీషు అడగలే. జుట్టు ఎట్లుండాలె మేడం అని అడిగితే ఒక ప్రింట్ కాగితం ఇచ్చింది. అందులో ఉన్నది ఇంతే: జుట్టు ముఖం మీద పడొద్దు, కాలర్‌కి తాకేంత ఉంటే కట్టెయ్యాలి, చిందరవందరగా ఉండొద్దు, నలుపు తప్ప వేరే రంగు పిన్నులు కనపడొద్దు. కట్ చేసుకోవాలని ఒక్క అక్షరం లేదు. ఎమిరేట్స్ వాళ్ల ఫోటో చూడండి, ఎర్ర టోపీ కింద ఉండేది కొప్పే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ అమ్మాయిల ఫోటోలు చూడండి, చుట్టి పైకి కట్టిన జుట్టే కనిపిస్తది. విమానాల పనికి ప్రపంచమంత ఎక్కువగ నడిచే స్టైల్ మన నాయనమ్మల కొప్పే. పేరు మాత్రం "బన్" అని మార్చిన్రు.

ఇంకో విచిత్రం చెప్త. భుజాల దాకా కట్ చేసిన జుట్టే కట్టడానికి అన్నిటికన్నా కష్టం. కాలర్‌కి తాకుతది కాబట్టి వదిలెయ్యలేము. కొప్పు కడదామంటే చాలదు, వెనక మెడ మీద చిన్న వెంట్రుకలన్నీ జారిపోతయి. అప్పుడు స్పాంజి డోనట్ కొనాలె, జెల్ కొనాలె, స్ప్రే కొనాలె. కట్ చేయించుకున్న మా పక్క రూమ్ అక్క ఇప్పుడు పొద్దున ఇరవై నిమిషాలు అద్దం ముందు కొట్లాడుతది. నాకు ఐదు నిమిషాలు పడ్తది.

ఆ ఐదు నిమిషాల పని ఎట్లనో రాస్త, ఇంటర్వ్యూ ఉన్నోళ్లు సేవ్ చేసుకోండి. ఆరిన జుట్టు చిక్కు తియ్యాలె, కింది కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలె. పైనుంచి గుంజితే చిక్కులన్నీ కింద ఒక్కచోట చేరి తెగుతయి. తర్వాత మెడకు కొంచెం పైన, చెవుల కింది భాగానికి సమానంగా, మెత్తని బ్యాండుతో ఒక్క ముడి. నోట్ల కట్టలకు వేసే సన్న రబ్బరు మాత్రం వద్దు, తీసేటప్పుడు వెంట్రుకలతోనే ఊడుతది. పాత చున్నీ అంచు చింపి కట్టినా బ్యాండు కన్నా మంచిగుంటది. ఆ ముడి నుంచి మూడు పాయలు తీసి కొస దాకా మామూలు జడ అల్లుకోవాలె. ఆ జడను ముడి చుట్టూ చుట్ట లెక్క తిప్పి, కొసను చుట్ట కిందికి దోపాలె. ఇప్పుడు యూ పిన్నులు. ఇక్కడే అందరు తప్పు చేస్తరు, పిన్నును సూటిగా లోపలికి గుచ్చుతరు. అట్ల గుచ్చితే నిలవదు. పిన్ను కొనతో చుట్ట అంచున ఉన్న జుట్టును, దాని పక్కన నెత్తి మీది జుట్టును కొంచెం కొంచెం అందుకొని, తర్వాత పిన్నును మధ్యలోకి తిప్పి తొయ్యాలె. నాలుగు దిక్కుల నాలుగు పిన్నులు చాలు, జుట్టు మరీ ఒత్తుగ ఉంటే ఆరు. చెవుల దగ్గర చెంపపిన్ను ఒక్కోటి. పైన సన్న నల్ల నెట్. నుదుటి మీది పిల్ల వెంట్రుకలకు జెల్ అక్కర్లే, రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్ల రాసి మెల్లగ తడిమితే చాలు. అల్లకుండా జుట్టు ఊరికే తిప్పి కట్టిన కొప్పు మధ్యాహ్నానికి జారుతది. అల్లి చుట్టింది మాత్రం బస్సులో నిలబడి పోయినా, రాత్రి డ్యూటీ అయినా అట్లనే ఉంటది.

కాలేజీకైతే ఇంత కూడా అక్కర్లే. అదే జడను సగానికి మడిచి కట్టుకుంటే ల్యాబ్‌ల అడ్డం రాదు. రెండు వైపుల నుంచి చిన్న పాయ తీసుకొని వెనక్కి తిప్పి క్లచర్ పెట్టి, మిగతాది వదులు జడ అల్లుకుంటే ఫంక్షన్‌కి కూడా పోవచ్చు. రాత్రి వదులుగా ఒక్క జడ వేసుకొని పడుకుంటే పొద్దున చిక్కు సగం తగ్గుతది. తడి జుట్టు గట్టిగ కట్టొద్దు, తడిమీద వెంట్రుక సాగి తెగుతది. హాస్టల్ల ఒక్క బకెట్ నీళ్లే వస్తయి కదా, అందుకే వారానికి రెండుసార్లు తలస్నానం, ముందు రాత్రి నూనె. ఆరడానికి టవల్‌తోని రుద్దకుండా పాత కాటన్ టీషర్టు చుట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. కొప్పు నీటుగా ఉండాలె గాని, కనుబొమ్మలు పైకి లేచేంత గట్టిగ గుంజొద్దు. రోజూ ఒకేచోట గుంజి కడితే నుదుటి పక్కన జుట్టు పల్చబడుతది, దాన్ని డాక్టర్లు ట్రాక్షన్ అలోపీసియా అంటరు. మొదట్లో పట్టించుకుంటే తిరిగి వస్తది, ఏండ్లు గడిస్తే రాదు. ఇది అమెరికా వైమానిక దళం కూడా ఒప్పుకున్నది. గట్టి కొప్పులతో తలనొప్పులు, మైగ్రేన్లు, జుట్టు రాలుడు అవుతున్నయని ఆడ సైనికులు చెప్పంగ చెప్పంగ, 2021 ఫిబ్రవరి నుంచి వీపు మీద ఒకటి లేదా రెండు జడలు వేసుకునేందుకు రూల్ మార్చిన్రు. యుద్ధ విమానాలు నడిపే డిపార్ట్‌మెంట్‌కే జడ పనికొచ్చింది. శంషాబాద్‌ల ఒక ట్రైనింగ్ మేడానికి పనికి రాలేదు.

ఇగ స్మూత్‌నింగ్. అన్నా, దానికి వేలల్ల అయితయి. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడ్తదో తెల్వని పిల్లకు మీరు చెప్పే సలహా ఇదేనా? పైసలు సంగతి పక్కన పెడదాం. ఈ కెరటిన్, స్ట్రెయిట్‌నింగ్ మందుల్ల కొన్నిటికి వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ అనే ఆవిరి వస్తది. అది మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. సెలూన్‌ల ఆ సీసా మీద ఏం రాసి ఉందో మనకు చూపియ్యరు. మనం నవ్వుకునే కొబ్బరినూనె సంగతి చూడండి. 2003లో మన దేశపు పరిశోధకులే అచ్చేసిన పరీక్షల్లో కొబ్బరినూనె వెంట్రుక లోపలికి పోయి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తదని, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చెయ్యలేదని తేలింది. నూనె కారుతుండంగ ఇంటర్వ్యూకి పొమ్మని నేను కూడా చెప్పను. ముందు రాత్రి పెట్టి పొద్దున కడిగెయ్యమంటున్న.

అసలు ఈ "తండా లుక్" అనే మాట మన నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? నన్ను అడిగితే కత్తెర నుంచి వచ్చింది అంట. మనల చాలామందికి హాస్టల్‌తోనే పరిచయమైన కత్తెర. ఐదో తరగతిలో చేరిన రోజే పేలు వస్తయని, నూనె చాలదని, నీళ్లు లేవని జుట్టు తీసేస్తే ఏడ్చినోళ్లు ఈ గ్రూపుల ఎంతమంది ఉన్నరో చెయ్యి లేపండి. పేలు ఒక తల ఇంకో తలకు తాకితే ఎక్కుతయి, జుట్టు పొడుగు పొట్టి చూసుకోవు. ఒక్కో మంచం మీద ఇద్దరిద్దర్ని పండబెట్టి, పేలకు జుట్టు కారణమంటే ఎట్ల? పేల దువ్వెనతోని రెండు మూడు రోజులకొకసారి దువ్వుకుంటూ పోతే, డాక్టర్ చెప్పిన మందు పెడితే పోతయి. ఇగ నూనె చాలదన్న మాటకు లెక్క ఉంది. తెలంగాణ హాస్టళ్లలో చిన్న తరగతుల ఆడపిల్లకు కాస్మెటిక్ చార్జీలు నెలకు 55 రూపాయలు, పెద్ద తరగతులకు 75 ఉండె. సబ్బు, నూనె, అన్నీ దాంట్లనే. 2024లో పెంచి 175, 275 చేసిన్రు. అంటే అన్నేండ్లు చాలనిది పైసలు. ఆ కొరతను మన తలల మీద కత్తిరించిన్రు.

అంతేకాదు, శిక్షగా కూడా కత్తిరిస్తరు. 2024 నవంబర్ల అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల కస్తూర్బా విద్యాలయంలో ప్రార్థనకు లేటుగా వచ్చిన్రని ఆడపిల్లల జుట్టు కత్తిరించిన వార్త మనమందరం చదివినం. లేటుకు జుట్టుకు ఏం సంబంధం? ఏం లేదు. అవమానం కళ్లకు కనపడాలె, నెలల తరబడి కనపడాలె, అందుకే జుట్టు. అమెరికాలో 1879ల కార్లైల్ అనే బోర్డింగ్ స్కూల్ పెట్టి అక్కడి ఆదివాసీ పిల్లల్ని రైళ్లల్ల తీసుకపోయిన్రు. చేరంగనే చేసిన పనుల్ల ఒకటి మగపిల్లల పొడుగు జడలు కొయ్యడం. వాళ్లల్ల చాలా తెగల్లో జుట్టు కోసుకునేది ఇంట్ల చావు జరిగితేనే. ఆ పిల్లలకు అది ఎట్ల అనిపించి ఉంటదో నేను మీకు చెప్పాల్సిన పని లేదు.

మా గోర్ ఆడోళ్ల సంగతి చూడండి. చెంపల పక్కన సన్న జడలు అల్లి వాటికి గుగ్రి, టోప్లి వేలాడదీసేటోళ్లు. టోప్లి ఉన్నదంటే పెండ్లయిందని గుర్తు. అంత వెండి తలకు కట్టుకొని చేన్ల పని చేసిన్రు, రోడ్ల మీద రాళ్లు మోసిన్రు. పొద్దున అల్లిన జుట్టు పొద్దుగూకే దాకా చెదరలే. కోయ, గోండు అక్కలు మీ ఇండ్లల్ల కొప్పు ఎట్ల కడ్తరో కామెంట్ల రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది. మన తలకట్టులో లేనిది పద్ధతి కాదు, పద్ధతికి పేరు పెట్టే అధికారం.

ఎయిర్‌పోర్ట్ గురించి కూడా రెండు మాటలు. 2008 మార్చిల మొదలైంది, దాదాపు 5,500 ఎకరాలు. అంతకు ముందు అది మామిడిపల్లి, గొల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ల పొలాలు, బీళ్లు. శంషాబాద్ మండలంలోనే తండాలున్నయి. ఆ తండాల అక్కలు ఊడ్చే పనికి, గడ్డి కోసే పనికి పోతే జడ గురించి ఎవ్వరు అడగరు. కౌంటర్ ముందు నిలబడే పనికి వచ్చినప్పుడే జడ అడ్డమైతది. దీన్ని గ్రూమింగ్ అంటే నేను నమ్మ.

కంపెనీ రూల్ కంపెనీ రూలే, మనమేం చేస్తం అని కొంతమంది కామెంట్ల రాసిన్రు. ఎయిరిండియాల ఎయిర్‌హోస్టెస్ మొదటిసారి గర్భవతి అయితే ఉద్యోగం పోయేది ఒకప్పుడు. అది కూడా కంపెనీ రూలే. నెర్గెష్ మీర్జా అనే ఎయిర్‌హోస్టెస్ కోర్టుకు పోయింది, 1981ల సుప్రీంకోర్టు ఆ రూల్ కొట్టేసింది. మన కేసుల అయితే కోర్టు దాకా కూడా పోవాల్సిన పని లేదు, రూలే లేదు కాబట్టి.

పొట్టి జుట్టు ఇష్టమై కట్ చేయించుకునే చెల్లెళ్లను నేనేం అనను, మంచిగనే ఉంటది, నీళ్లు కూడా తక్కువ పడ్తయి. మీ తల మీ ఇష్టం. నా కొట్లాట ఉద్యోగం పేరు చెప్పి, తండా పేరు చెప్పి కత్తిరించమనేటోళ్లతోని.

శంషాబాద్ చుట్టుపక్కల హాస్టళ్లల్ల ఉండి ఇంటర్వ్యూకి పోయేటోళ్లు ఎవరైనా ఉంటే ముందు రోజు సాయంత్రం నాకు మెసేజ్ పెట్టండి. పిన్నులు, నెట్ నా దగ్గర ఉన్నయి, రెండుసార్లు కట్టి చూపిస్త, మూడోసారి మీరే కట్టుకుంటరు. పోస్టు పెట్టిన అన్నకు ఒక్క రిక్వెస్ట్: జుట్టు కత్తిరించుకోవాలని ఏ ఎయిర్‌లైన్ కాగితంల రాసి ఉన్నదో ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. దొరకకపోతే ఆ మూడో సలహా ఎడిట్ చెయ్యండి.