నొసటివ్రాఁతయుఁ జేతివ్రాఁతయు

మన గృహములలో వ్రాఁతకుఁ గొఱఁత లేదు. శిశువు పుట్టఁగానే జాతకము వ్రాయింతుము. పాలలెక్క మొదలు పెండ్లిఖర్చు వఱకుఁ బద్దులు వ్రాయుదుము. కాని "ఈ జీవితముతో నేనేమి చేయఁదలఁచితిని?" అను ప్రశ్నకు మాత్ర మొక్క పంక్తియైనను వ్రాసికొనము. అడిగినచో "నొసట వ్రాసినది తప్పునా?" అందురు. సోమరితనమునకు భక్తి ముసుఁగు వేయుట యిదియే యని మేము నిస్సంకోచముగాఁ జెప్పుచున్నాము.

అమెరికా దేశస్థుఁడగు బెంజమిన్ ఫ్రాంక్లిను (1706–1790) 13 సుగుణములను చిన్నపుస్తకమున వ్రాసికొని, వారమున కొక్కదానిపై దృష్టి నిలిపి, తప్పిన దినమున నల్లచుక్క పెట్టుకొనెడివాఁడు. 13 వారముల కొక యావృత్తి, ఏఁటికి నాలుగు. తాను పరిపూర్ణుఁడను గాలేదనియు, ప్రయత్నముచే మెఱుగైతిననియు స్వీయచరిత్రమున నాతఁడే యొప్పుకొనెను. వ్రాఁత మంత్రమువలెఁ బనిచేయదు. తప్పినమాటను దాఁచుకొనకుండఁ జేయును, అంతియే.

వ్రాసికొను కొలఁది యిండ్లలోనైన నొక యన్యాయము గలదు. కుమారుఁడు డాక్టరు కావలెనని తండ్రి వ్రాయును; కోడలి కోరిక నడుగువారే లేరు. పూజాసంకల్పమున సైతము ఇల్లాలు తఱచుగా భర్తపేరి వెనుక "సమేత"యై నిలుచును. ఒకరి సంకల్పము నింకొకరు వ్రాసినచో దాని నాజ్ఞ యనవలెను.

కావున, చదువరులారా, ఇంటి పద్దుపుస్తకమున నేఁడే ప్రతివ్యక్తికి, స్త్రీలకు ముందుగా, ఒక్కొక్క పుట విడువుఁడు. ఎవరి పుట వారే వ్రాయవలెను. "భాగ్యవంతుఁడ నగుదును" అను కోరిక చాలదు. "ఈ మాసమున నీ గ్రంథము ముగించెదను, ఇన్ని రూపాయలు దాఁచెదను" అని చేయఁదగిన పనిని వ్రాయుఁడు. మాసాంతమునఁ జుక్కలు లెక్కింపుఁడు.