గడ్డిలోని చక్కెర ఎవరి పాలు?



కోత మిషను వెళ్ళిన పొలములో మిగిలిన గడ్డికి నిప్పు పెట్టుట సులువు. కాని వరిగడ్డి బరువులో సుమారు మూడవ వంతు సెల్యులోజు. అనగా గ్లూకోజు చక్కెర గొలుసుకట్టుగా పెనవేసుకొన్న పదార్థము. ఆ గొలుసు మన కడుపులో తెగదు. పశువు కడుపులోని సూక్ష్మజీవులు తెంపగలవు.

ఆమ్లముతోను తెంపవచ్చును. 1819లోనే ఫ్రాన్సు దేశపు బ్రాకొనో గుడ్డపీలికలను గంధకామ్లముతో చక్కెరగా మార్చెను. అయితే ద్రవ ఆమ్లము పాత్రలను తినివేయును. పని ముగిసిన పిదప దానిని సున్నముతో విరువవలెను. జిప్సము గుట్టలు మిగులును.

ఇందుకు విరుగుడుగా వచ్చినవే ఘన ఆమ్లములు. బొగ్గుపొడికి ఆమ్లగుణము కల్పించి చేయునది అందొకటి. 2008లో జపాను శాస్త్రజ్ఞులు ఇట్టి బొగ్గుతో సెల్యులోజును నీట కరుగు చక్కెరలుగా విడగొట్టిరి. పని తీరగనే దానిని వడగట్టి మరల వాడవచ్చును.

చిక్కులు లేకపోలేదు. గడ్డియు గట్టిదే, ఆమ్లమును గట్టిదే. మెత్తగా నూరనిదే రెండును కలియవు. నూరుటకు కరెంటు ఖర్చు. వేడినీటిలో ఆమ్లగుణము క్రమముగా కొట్టుకొనిపోవును. పాకము ముదిరిన బెల్లము చెడునట్లే, కాక మించిన ఈ చక్కెరయు చెడును. 2022 ఆగస్టులో పానిపట్టున ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాలు తీయు లక్ష్యముతో ప్రారంభమైన కర్మాగారము సైతము గొలుసు తెంపుటకు ఎంజైములనే వాడును.

కావున నా అభిప్రాయమిది. బుగ్గారం రైతు ఈ విద్యను నమ్మవలెను గాని, దానికై కాచుకొని కూర్చుండరాదు. కర్మాగారము వచ్చిననాడు గడ్డిని గుడ్డిగా అమ్మనూ రాదు. టన్ను గడ్డిలో సుమారు 25 కిలోల పొటాషు కలదు. గడ్డితో అదియు పోవును. గడ్డి ముందు పశువుల పాలు, పిదప నేల పాలు, మిగిలినదే మిల్లు పాలు కావలెను. ధర కాగితముపై ఉండవలెను. తూకము మన కండ్ల ఎదుట జరుగవలెను.

2015 డిసెంబరులో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతబడుట మెట్‌పల్లి, కోరుట్ల చెరకు రైతులు మరువలేదు. ఒకే గేటును నమ్ముకొన్న బండికి బేరముండదు.

అంతవరకు గడ్డిని కట్టలు కట్టుడు, వాము వేయుడు, కొయ్యకాళ్ళను దున్ని మురుగనిండు. నిప్పు మాత్రము పెట్టకుడు. కాల్చిన గడ్డికి ఏ విద్యయు చక్కెర తేలేదు.