ఉచితమను ఉచ్చు

వేసవి వచ్చినంతనే మన పట్టణములలో వీథి మొగలయందు పందిళ్లు వేసి, కుండలనిండ చల్లని నీరు పోసి, చలివేంద్రములు నడపుట పెద్దలనాటినుండి వచ్చుచున్న ఆచారము. అచ్చట దాహము తీర్చుకొన్నవానిని నీ పేరేమని యడుగువారు లేరు. ఏ యింటికి పోవుచున్నావు, ఏమి కొనదలచినావు అని వ్రాసికొనువారు లేరు. నేటినుండి ఈ కుండనీరే త్రాగవలెనని శాసించువారును లేరు. అది దానము. ప్రపంచములోని మహాధనిక కంపెనీలు కొన్ని, పదియేండ్లకు పైగా, మనకు ఉచితముగా ఇంటర్నెట్టు నిచ్చెదమనియు, మన పత్రములను, పటములను, లెక్కలను తమ క్లౌడులో దాచిపెట్టెదమనియు ఇట్టి పందిళ్లే వేయుచున్నవి. ఇదియు దానమేనా యని విచారించుట మన విధి.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ కంపెనీ రిలయన్సు కమ్యూనికేషన్సుతో గూడి ‘ఇంటర్నెట్.ఆర్గ్’ అను పథకమును ఆరు రాష్ట్రములలో ప్రారంభించెను. ఆంధ్రప్రదేశము, తెలంగాణము రెండును ఆ యారింటిలోనివే. పేదలకు ఇంటర్నెట్టు ఉచితమని చాటింపు వేసిరి. కాని ఆ పథకమున చేరిన కొలదిపాటి సేవలకే ఆ యుచితము వర్తించెను. ఆ కొలది దాటి తక్కిన ప్రపంచమును చూడగోరువాడు రుసుము చెల్లింపవలసినదే. చేరుటకు షరతులు వ్రాసినది కంపెనీయే, తలుపువద్ద నిలిచినదియు కంపెనీయే. ఊరికి బాట వేయించెదనని చెప్పి, దానిని తన యంగడి గుమ్మమువఱకే వేయించినవానిని దాత యందుమా?

మనదేశపు యువకులు ఈ సంగతిని సకాలమున గ్రహించిరి. 2015 ఏప్రిలులో పదిలక్షలకు పైగా లేఖలు టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయికి చేరినవి. కంపెనీవారు పథకమునకు ‘ఫ్రీ బేసిక్స్’ అని పేరు మార్చిరి. పత్రికలలో నిండుపుటల ప్రకటనలు వేయించిరి. తమ సభ్యులచేత ఒకే మూసలోని సందేశములను లక్షలకొలదిగా పంపించిరి. తానడిగిన ప్రశ్నలకు ఆ సందేశములు సమాధానములు కావని ట్రాయి వారికి తెలియజెప్పెను. తుదకు 2016 ఫిబ్రవరి 8వ తేదీన, చూడబోవు విషయమునుబట్టి డేటాకు వేర్వేరు ధరలు విధింపరాదని శాసించి, మీరినవారికి దినమునకు 50,000 రూపాయల జరిమానా నిర్ణయించెను. రెండుదినములకే, ఫేస్‌బుక్ పాలకవర్గములోని మార్క్ ఆండ్రీసెన్ అను ధనికుడు, వలసపాలనను ఎదిరించుట భారతీయులకు దశాబ్దములతరబడి నష్టము కలిగించినదని బహిరంగముగా వ్రాసి, లోకము గర్హింపగా దానిని తుడిచివేసి క్షమాపణ చెప్పుకొనెను. క్షమాపణ చెప్పినాడు గనుక మేమాయనను నిందింపము. కాని మదిలోని మాట ఒక్కొక్కప్పుడు తొందరపాటునగాని వెలికిరాదు.

ఆ యేడే, 2016 జనవరిలో, గూగులు కంపెనీ రైల్‌టెల్‌తో గూడి బొంబాయి సెంట్రలు స్టేషనున ఉచిత వైఫై నారంభించెను. 2018 జూను నాటికి నాలుగువందల స్టేషనులకది వ్యాపించెను. ఇందు షరతుల గోడలు లేవు. విద్యార్థు లెందఱో అచ్చట కూర్చుండి పరీక్షలకు చదువుకొనిరి. ఆ మేలును కాదనుట న్యాయముగాదు. కాని 2020 ఫిబ్రవరిలో, డేటా చౌకయైనది గనుక తమ యవసరము తీరినదని కంపెనీ ఆ యేర్పాటునుండి తొలగనెంచెను. ఎవరి యవసరము తీరినది? మనదేశపు ముసలివారికి జ్ఞాపకముండవచ్చును: 1930 తరువాతి యేండ్లలో తేయాకు తోటల దొరల ప్రచారసంస్థ ఊరూర ఉచితముగా టీ పోయించెను. అలవాటు కుదిరిన పిమ్మట ఉచితపు కప్పు మాయమైనది, అలవాటు నిలిచినది.

డేటాను చౌక చేసినవా రెవరు? 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో కంపెనీ సేవ నారంభించి, ఆరునెలలకు పైగా ఉచితముగా పంచిపెట్టెను. ప్రజలు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. కాని ఆ వఱదలో ఎందఱు కొట్టుకొనిపోయిరో చూడుడు. ఫేస్‌బుక్‌తో చేయికలిపిన రిలయన్సు కమ్యూనికేషన్సు 2017లోనే మాటల సేవను చాలించెను. ఎయిర్‌సెల్ దివాలా తీసెను. వొడాఫోన్, ఐడియా ఒక్కటైనవి. టెలినార్, టాటా డొకొమోల ఖాతాదారులు ఎయిర్‌టెల్ పాలైరి. అంగడులు తగ్గిన పిమ్మట, 2024 జూలైలో, మిగిలిన ప్రైవేటు కంపెనీలవారందఱు ఇంచుమించుగా ఒక్కసారియే ధరలు పెంచిరి. ఏరు దాటునంతవఱకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య యనిన సామెత వ్యాపారమందును సత్యమే.

ఇంకొక వింతను గమనింపుడు. 2020 ఏప్రిలులో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలతో జియో ప్లాట్‌ఫారములలో పదవవంతునకు కొంచెము తక్కువగు భాగము కొనెను. అదే జూలైలో గూగులు 33,737 కోట్లతో మఱియొక భాగము కొనెను. అమెరికాలో బద్ధవిరోధులైన రెండు కంపెనీలు మన గుమ్మమున ఒకే ద్వారమునకు వాటాదారులైరి. వారి పోటీ మనకు సేవచేయుటలో మాత్రమేయని నమ్మువారు దీనికి సమాధానము చెప్పవలెను.

ఉచితపు ఇంటర్నెట్టు గుమ్మమువఱకు తెచ్చును. గడియ పడునది క్లౌడులోనే. క్లౌడనగా మేఘము. ఆకాశమందలి మేఘము ఎవరి సొత్తును గాదు. అది సముద్రమునుండి గ్రహించిన నీటిని పొలములపై తిరిగి కురియును. ఈ మేఘము మాత్రము గోడలు, కావలివారు, తాళములు గల గిడ్డంగి. లోపల వేలకొలది కంప్యూటర్లు రేయింబవళ్లు విద్యుత్తును భుజించుచు, చల్లబడుటకై పెక్కుచోట్ల నీటిని త్రాగుచుండును. ప్రపంచపు క్లౌడు వ్యాపారములో సగమునకు మించినది అమెజాను, మైక్రోసాఫ్టు, గూగులు అను మూడు కంపెనీలదే. క్రొత్తగా సంస్థ పెట్టిన యువకునికి లక్ష డాలర్లవఱకు ఉచితసేవ నిచ్చెదమని ఇవి పోటీపడుచున్నవి. ఆ యువకుడు తన లెక్కలను, ఖాతాలను, యంత్రములను ఆ గిడ్డంగి కొలతలకే అమర్చుకొనును. సమాచారమును లోనికి పంపుటకు సుంకము లేదు; వెలికి తెచ్చుకొనుటకు సుంకము కలదు. బ్రిటను పోటీ వ్యవహారాల సంస్థ 2025 జూలైలో ప్రకటించిన విచారణ ఫలితమునుబట్టి, ఏటేట ఒక క్లౌడును విడిచి వేఱొకదానికి మాఱుచున్న ఖాతాదారులు నూటికి ఒక్కరైనను లేరు. అందఱును తృప్తులై యుండుటచేత కదలరను మాటను ఆ విచారణ యొప్పుకొనలేదు. కదలుటకు గల అడ్డంకులనే యది చూపినది.

విద్యాలయముల సంగతియు నిట్టిదే. గూగులు కంపెనీ పాఠశాలలకు, విశ్వవిద్యాలయములకు పరిమితిలేని ఉచిత నిలువ నిచ్చెను. అవి యన్నియు అందులో నింపుకొన్న పిమ్మట, పరిమితి విధించుచున్నామని 2021లో ప్రకటించెను. ఇంటింటి ఛాయాపటములకు గల ఉచితమును ఆ యేటి జూను 1వ తేదీననే ముగించెను.

పైకముతో పోవునదైన సహింపవచ్చును. 2025 జూలైలో జరిగిన దానిని చదువరులు మఱవగూడదు. గుజరాతులోని వాడినారులో పెద్ద చమురుశుద్ధి కర్మాగారము గల నయారా కంపెనీపై, అందు రష్యా భాగస్వామ్యమున్నదను కారణముచే, యూరోపు సమాఖ్య ఆంక్షలు విధించెను. వెంటనే మైక్రోసాఫ్టు దాని సేవలను నిలిపివేసెను. తాను పూర్తి మూల్యము చెల్లించిన సేవలే, తన సొంత సమాచారమే తనకు దక్కకుండ పోయినదని నయారా ఢిల్లీ హైకోర్టులో మొరపెట్టుకొనెను. కొలదిదినములకు సేవలు తిరిగి వచ్చినవి. కాని ఆంక్ష మనదేశపు చట్టము కాదు. కర్మాగారము మన గడ్డపైనున్నది. ఒక చమురు కంపెనీకి పట్టిన గతి రేపొక ఆసుపత్రికి, ఒక బ్యాంకికి, ఒక జిల్లా కచేరికి పట్టదని హామీ యిచ్చువా రెవరు? మన జుట్టు మనమే పరుల చేతికిచ్చి, వారి దయాగుణమును నమ్ముకొని కూర్చుండుట స్వాతంత్ర్యమగునా?

ఇపుడు మన విశాఖపట్టణమువంతు వచ్చినది. అదానీ, ఎయిర్‌టెల్ కంపెనీలతో గూడి, 2026 మొదలు అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో అచ్చట మహాకేంద్రమును నిర్మించెదమని గూగులు కంపెనీ 2025 అక్టోబరు 14వ తేదీన ప్రకటించెను. హైదరాబాదులో అమెజాను కేంద్రములు 2022 నవంబరునుండి పనిచేయుచున్నవి. వలదని మేమనము. పెట్టుబడి రావలసినదే, సముద్రగర్భపు తీగలు మన తీరమునకు చేరవలసినదే. కాని గిడ్డంగి మన ఊర నున్నంతమాత్రమున తాళపుచెవి మన చేతనున్నదని భ్రమపడరాదు. భూమి మనది, నీరు మనది, విద్యుత్తు మనది. ఇన్ని యిచ్చుచున్నపుడు షరతులు వ్రాయు కలము మాత్రము పరులచేత నుండనేల?

స్వదేశీ కంపెనీకి అప్పగించినచో సరిపోవునని కొందఱందురు. కేంద్రోద్యోగుల సుమారు 12 లక్షల ఈమెయిలు ఖాతాలు జోహో సంస్థ నిర్మించిన వ్యవస్థకు మారినవి, సంతోషమే. కాని గడియ వేసినచేయి మనవానిదైనను గది గదియే. మేము కోరునది యజమానుని మార్పుకాదు, తలుపు తెఱచుకొను హక్కు.

ఆ హక్కును అడుగుట అత్యాశ కాదు. యూరోపులో 2025 సెప్టెంబరునుండి అమలునకు వచ్చిన డేటా చట్టము, క్లౌడు మాఱుటకు వసూలుచేయు సుంకములను 2027 జనవరి 12నుండి పూర్తిగ నిషేధించుచున్నది. మనదేశమున 2019నాటి వ్యక్తిగత సమాచార బిల్లులో, మన సమాచారమును ఒకచోటినుండి మఱియొకచోటికి తీసికొనిపోవు హక్కు వ్రాయబడియుండెను. 2023లో చట్టమైనప్పు డా హక్కు అందు లేదు. పార్లమెంటు సభ్యులను ఓటరులు అడుగవలసిన మొదటి ప్రశ్న యిదియే.

కావున మా కోరికలు మూడు. వీడిపోవు హక్కును, సుంకము లేకుండ సమాచారమును వెలికి తెచ్చుకొను హక్కును చట్టమున చేర్పవలెను. ప్రజల పత్రముల నుంచుకొనిన ప్రతి ప్రభుత్వశాఖయు, విద్యాలయమును, ఆసుపత్రియు సంపూర్ణమైన రెండవ ప్రతిని తన స్వాధీనమున నుంచుకొనవలెను. విశాఖలో కంపెనీలకిచ్చు భూమి, నీరు, విద్యుత్తుల రాయితీలను లెక్కతోసహా ప్రజలయెదుట బయటపెట్టవలెను.

2015లో లేఖలు వ్రాసినవారు కోటీశ్వరులు కారు. విద్యార్థులు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు. వారి లేఖలు ప్రపంచములోని మహాధనిక సంస్థలలో నొకదానిని వెనుకకు మరలించినవి. అపుడు పోరాటము ఇంటర్నెట్టు గుమ్మమువద్ద. ఇపుడు గిడ్డంగి తలుపువద్ద. ఈ పుటను చదువుచున్న ప్రతివాడును తన పార్లమెంటు సభ్యునకు ఒక లేఖ వ్రాయునుగాక.