కాపాడిన ప్రాణికి చోటేదీ?

* కాలనీల నడుమ చిక్కుకున్న మూగజీవాలు
* స్వచ్ఛంద సంస్థల భుజాలపైనే భారం
* హరిణ వనస్థలిని ఒంటరి దీవిగా మార్చిన నగరం

ఎల్బీనగర్: తొలకరి చినుకులు పడితే చాలు, నగరం తూర్పు దిక్కున పాములు పట్టే కార్యకర్తలకు ఊపిరి సలపదు. నాగోలులో స్నానాల గదిలో నాగుపాము, వనస్థలిపురంలో స్కూటరు డిక్కీలో జెర్రిపోతు, హయత్‌నగర్‌లో ఇటుకల కుప్ప కింద రక్తపింజర... ఇలా పిలుపులు వస్తూనే ఉంటాయి. ఒకప్పుడు పాము కనిపిస్తే కర్ర కోసం వెతికిన జనం నేడు ఫోను కోసం వెతుకుతున్నారు. మూడు దశాబ్దాల స్వచ్ఛంద కృషి సాధించిన గొప్ప మార్పు ఇది. అయితే ప్రాణిని పట్టి సంచిలో వేయడంతో పని సగమే పూర్తవుతుంది. దానిని ఎక్కడ వదలాలన్నది మిగిలిన సగం. ఏటేటా జటిలమవుతున్నది ఆ ప్రశ్నే.

పిలుపు వెనుక శ్రమ

హైదరాబాద్‌లో సంఘటితంగా మూగజీవాల రక్షణ మొదలై ఎంతో కాలం కాలేదు. నటి అక్కినేని అమల చొరవతో 1992లో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఏర్పడింది. 1995లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ పుట్టింది. పాములను పట్టి అటవీశాఖ సమన్వయంతో అడవులలో వదలడం, పాఠశాలల్లో అవగాహన కల్పించడం ఈ సంస్థ పని. ఇటీవలి సంవత్సరాలలో అది ఏటా పదివేలకు పైగా పాములను కాపాడుతోంది. కార్యకర్తలలో చాలామంది పగలు తమ ఉద్యోగాలు చేసుకుంటూనే వేళగాని వేళల్లో పిలుపులకు పరుగెత్తేవారు. కాటు పడితే ప్రాణాపాయమని తెలిసీ వెళ్తున్నవారు.

ఈ శ్రమ విలువ గ్రహించాలంటే పాముకాటు లెక్కలు చూడాలి. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల ప్రాణాలు. మరణాలకు ప్రధానంగా కారణమయ్యేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. జెర్రిపోతు, నీరుకట్టు వంటివి విషరహితం. భయంలో ఈ తేడా చూడక కర్రెత్తిన మనిషికే ఎక్కువ ముప్పు. కాబట్టి శిక్షణ పొందిన వ్యక్తి సకాలంలో వస్తే అటు పాముకూ, ఇటు ఇంటివారికీ రక్షణే. శ్రావణంలో నాగపంచమికి కోరలు పీకిన నాగులను వీధుల్లో తిప్పే దురాచారాన్ని అరికట్టడంలోనూ ఈ సంస్థలు అటవీశాఖకు తోడుగా నిలుస్తున్నాయి. పాము పాలు తాగదన్న సత్యాన్ని ఇంటింటికీ చేర్చిన ఘనత కూడా వీటిదే.

బిలాల మీద భవనాలు

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ ప్రాంతాలు కొన్ని దశాబ్దాల క్రితం వరకు పొలాలు, బండరాళ్లు, చెరువులు, వాటిని కలిపే వాగులతో నిండిన నేల. కుతుబ్‌షాహీల కాలంలో 1626లో నిర్మించిన సరూర్‌నగర్ చెరువు దానికి సాక్షి. చెరువు ఎగువన, దిగువన కాలనీలు వెలిశాయి. వాగులు మురుగు కాలువలయ్యాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టికి ఆ దిగువ కాలనీలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. పాత దారి వెతుక్కున్న నీటితో పాటు బిలాలు మునిగిన పాములు కూడా గట్టు వెతుక్కున్నాయి.

బిలాలు పోయినా పాములు కాలనీలను వీడకపోవడానికి మనిషి అలవాట్లే కారణం. తెరిచిన చెత్తకుప్ప ఎలుకలను పిలుస్తుంది. ఎలుక వెంట పాము వస్తుంది. ఖాళీ ప్లాట్లలో పెరిగిన పొదలు, పారబోసిన భవన శిథిలాలు దానికి తలదాచుకునే చోటు. అక్కడ పట్టిన పామును దూరపు అడవిలో వదిలితే కథ సుఖాంతమని చాలామంది భావిస్తారు. కానీ పాముకు తన నేల తెలుసు. ఎక్కడ ఎర దొరుకుతుందో, ఎక్కడ దాగాలో తెలుసు. తెలియని చోట వదిలితే అది దిక్కుతోచక తిరుగుతుంది, శత్రువులకు తేలికగా చిక్కుతుంది. కాబట్టి దగ్గరలో పచ్చని నేల మిగలకపోతే కాపాడటమే దానికి శిక్షగా మారే ప్రమాదం ఉంది.

గోడల నడుమ కృష్ణజింక

అటువంటి పచ్చని నేల తూర్పు నగరానికి ఒకటి మిగిలింది. అది వనస్థలిపురం చెంత, విజయవాడ రహదారి పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి. ఒకనాడు నిజాం వేటస్థలమైన ఈ వనానికి మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే 3,600 ఎకరాలకు పైబడిన విస్తీర్ణంతో నగరంలోని మూడు జాతీయ ఉద్యానాలలో ఇదే పెద్దది. కృష్ణజింకలు, చుక్కల దుప్పులు, నెమళ్లు, కొండచిలువలు ఇక్కడ ఉన్నాయి.

వేటస్థలం రక్షితవనం కావడం శుభపరిణామమే. అయితే నాడు చుట్టూ పొలాలుండగా నేడు చుట్టూ ఇళ్లున్నాయి. కృష్ణజింక మైదానపు జీవి. పరుగే దాని ఆయుధం. మంద పెరిగితే వెళ్లడానికి మరో గడ్డిమైదానం లేదు, బయటి మంద వచ్చి కలిసే దారీ లేదు. తరతరాలుగా ఒకే మందలో సంతానం కొనసాగితే జాతి బలహీనపడుతుందన్నది జీవశాస్త్రం చెప్పే సత్యం. గోడ దాటి కుక్కలు చొరబడితే జింకపిల్లలకు ముప్పు తప్పదు.

పచ్చని నేల చెదిరితే ఏమవుతుందో నగరం పడమటి దిక్కున ఇప్పటికే కనిపించింది. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో చెట్ల నరికివేత మొదలవగానే జింకలు జనావాసాల వైపు వచ్చాయి. కుక్కల దాడిలో ఒక దుప్పి మరణించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసింది. తూర్పు నగరం ఆ అనుభవాన్ని ముందుగానే గుర్తెరగాలి.

దయకూ భయానికీ నడుమ

మూగజీవాల రక్షణకు అన్నిటికన్నా కఠిన పరీక్ష వీధికుక్కలది. దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలోని అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరి 19న కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ దృశ్యాలు చూసిన తల్లిదండ్రుల భయాన్ని తేలికగా కొట్టిపారేయడం ఏ జంతుప్రేమికుడికీ తగదు. ఆ బాధలో కుక్కలన్నిటినీ చంపాలనడమూ పరిష్కారం కాదు. ఒక వీధి ఖాళీ అయితే తిండి ఉన్నంతకాలం పక్క వీధి కుక్కలు ఆ చోటును ఆక్రమిస్తాయి. అందుకే సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే వదలాలని 2001 నాటి నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలూ నిర్దేశించాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇదే పద్ధతిని సమర్థిస్తూ, రేబిస్ సోకినవాటిని, దాడి స్వభావం గలవాటిని మాత్రం వదలరాదన్నది. పాఠశాలలు, ఆస్పత్రులు, బస్టాండ్ల వంటి ప్రాంగణాల నుంచి తరలించిన కుక్కలను తిరిగి అక్కడే వదలరాదని నవంబరు 7న ఆదేశించింది.

నాగోలు సమీపంలోని ఫతుల్లగూడలో నగరపాలక సంస్థ జంతు సంరక్షణ కేంద్రం ఉంది. అయితే శస్త్రచికిత్సలు కుక్కల సంతానం కన్నా వేగంగా సాగితేనే ఫలితం. ఏడాదిలో కొన్ని నెలలు హడావుడి చేసి ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. మాంసపు వ్యర్థాలు రోడ్డు పక్కన పడుతున్నంతకాలం ఏ శస్త్రచికిత్సా చాలదు.

దారం కాదు, ఉరి

సంక్రాంతి వస్తే మరో వేదన. నైలాన్ మాంజా చెట్ల కొమ్మలకు, తీగలకు చుట్టుకొని పండుగ తర్వాత కూడా గద్దలు, కొంగలు, పావురాల రెక్కలు కోస్తూనే ఉంటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దీనిపై దేశవ్యాప్త నిషేధం విధించింది. అయినా 2024 జనవరిలో లంగర్‌హౌజ్ వద్ద మాంజా గొంతు కోయడంతో ఒక సైనికుడు మరణించాడు. పక్షికి ఉరి అయినది మనిషికీ ఉరే అవుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

కావలసింది వ్యవస్థ

పాము, కుక్క, జింక, పక్షి... అన్నిటి కథలోనూ ఒకే సూత్రం కనిపిస్తుంది. కష్టం వచ్చాక ఆదుకునే చేతులు ఉన్నాయి, కష్టం రాకుండా చూసే ఏర్పాటు బలహీనంగా ఉంది. స్వచ్ఛంద సంస్థ ప్రథమ చికిత్స చేయగలదు. చెత్త ఎత్తడం, వాగు దారిని కాపాడటం, ఉద్యానం అంచున నిర్మాణాలను నియంత్రించడం, మాంజా దుకాణాలపై ఏడాది పొడవునా నిఘా ఉంచడం ప్రభుత్వ శాఖల విధి. గాయపడిన అడవి ప్రాణికి తూర్పు నగరంలోనే తక్షణ చికిత్స అందేలా హరిణ వనస్థలి పరిసరాలలో పశువైద్యుడితో కూడిన చిన్న కేంద్రం నడిపితే ట్రాఫిక్‌లో పోయే ప్రాణాలు నిలుస్తాయి. శిక్షణ పొందిన పాముల సంరక్షకుల వివరాలు ప్రతి కాలనీ సంఘం వద్ద, పోలీసు ఠాణాలో ఉంటే పుకార్లకు, నకిలీలకు తావుండదు.

కాలనీవాసుల వంతు కూడా తక్కువేమీ కాదు. చెత్తను మూతపెట్టడం, ఖాళీ ప్లాటు యజమానితో పొదలు తొలగింపజేయడం, పాము కనిపిస్తే దూరంగా నిలబడి అది ఎటు వెళ్తున్నదో గమనిస్తూ కబురు చేయడం చాలు. కాటు పడితే మంత్రాలు, నాటు వైద్యం జోలికి పోక నేరుగా పెద్దాస్పత్రికి వెళ్లాలి.

కర్ర వదిలి ఫోను పట్టుకోవడానికి తూర్పు నగరానికి మూడు దశాబ్దాలు పట్టింది. కాపాడిన ప్రాణికి చోటు మిగల్చడానికి మాత్రం అంత వ్యవధి లేదు. హరిణ వనస్థలి గోడకు ఇవతల నేల నిండిపోయింది. ఇక గోడకు అవతల ఉన్నదే మిగిలింది.