చింతచెట్టు చూసిన వరద

హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఓ ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు, దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారని చెబుతారు. పోయినవాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నది గట్లు మాత్రమే చూసి ఊరుకోలేదు. నీరు ఎక్కణ్నుంచి వస్తోందో చూశారు. ఎగువన జలాశయాలు, ఊళ్లో భూగర్భ డ్రైనేజీ, ఒడ్డున తోటలు... అన్నీ కలిపి ఆలోచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే తరతరాల దాహమూ తీర్చాయి.

తర్వాత ఊరు పెరిగింది, ముందుచూపు తగ్గింది. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు సడలించారు. ఇటు నాలాలు ఇరుకయ్యాయి, చెరువు శిఖాల్లో ఇళ్లు లేచాయి. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో కాలనీలు మునిగాయి.

నిన్నటి పంచాయతీలు నేడు మున్సిపాలిటీలవుతున్నాయి. ముందు సెంటర్ లైటింగు, ఆర్చీలు వస్తాయి. నీరెక్కడిది, మురుగెటు పోతుంది, చెత్తెక్కడ వేస్తాం అన్న లెక్క చివరికి మిగులుతుంది. అప్పటికి జాగా ఉండదు.

ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని మీ ఊరి చెరువు అలుగు దాకా వెళ్లండి. ఆ నీరు పారే దారిలో ఇప్పుడేముందో చూడండి. వార్డు సభలో అడగాల్సిన మొదటి ప్రశ్న అక్కడే దొరుకుతుంది.