గ్లాసు పట్టుకోవడం నేర్పడానికా మన సంఘం?



మేము రాసేది ఎప్పటిలాగే కాస్త పొడుగ్గా ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడు చదవండి, లేనివాళ్ళు రాత్రి భోజనాలయ్యాక చదవండి. వచ్చే ఆదివారం సమావేశానికి ముందు మాత్రం తప్పకుండా చదవండి. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక, రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటి పంతులమ్మగారి దగ్గర దిద్దుకున్నవే. తప్పులుంటే మన్నించండి, విషయాన్ని మాత్రం పక్కన పెట్టకండి.

పోయిన సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన పిల్లలు కొందరు ఇక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో, కొందరు బయటి ఊళ్ళలో ఎంబీబీఎస్ పూర్తిచేసి అమెరికాలో రెసిడెన్సీకి సిద్ధమవుతున్నారు. వాళ్ళకి సంఘం తరఫున సాయం చెయ్యాలి అన్నారు. చాలా మంచి మాట. ఆ సాయం ఏమిటయ్యా అంటే, గోపాలపూర్‌లో ఒక హోటల్లో హాలు తీసుకుని 'ప్రాక్టీసు డిన్నర్' పెడతారట. ఫోర్కు ఎలా పట్టాలి, నేప్‌కిన్ ఎక్కడ వెయ్యాలి, దాంతోపాటు వైన్ గ్లాసు ఎలా పట్టుకోవాలి, ఒక గ్లాసు గంటసేపు ఎలా తాగాలి, అన్నీ నేర్పుతారట. ఖర్చు సంఘం నిధి నుంచి. చేతులెత్తమంటే సగానికి పైగా ఎత్తారు. మేము ఎత్తలేదు. ఎందుకో చెప్పబోతే 'బాబాయ్ గారూ, కాలం మారింది' అని నవ్వేశారు. చివరి నిర్ణయం ఈ ఆదివారానికి వాయిదా పడింది.

ఆ రోజు బయటికొస్తుంటే గేటు దగ్గర ఒక అమ్మాయి ఆపింది. వాళ్ళ నాన్నది చిన్న కిరాణా కొట్టు. 'తాతగారూ, తాగకపోతే సీటు రాదా?' అని అడిగింది. ఆ ప్రశ్న మన హాల్లో పుట్టింది. అమెరికాలో పుట్టలేదు. అందుకే ఈ రాత.

సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన దేశంలో పీజీ సీటుకి నీట్ ర్యాంకు, కౌన్సెలింగ్, అంతే. నువ్వెలా తింటావు, ఏం తాగుతావు అని ఎవరూ చూడరు. అమెరికాలో పద్ధతి వేరు. సెప్టెంబరులో అప్లికేషన్లు వెళ్తాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూలు. ఆ తర్వాత ఆసుపత్రులు తమకి కావలసిన పిల్లల జాబితా వరసగా రాస్తాయి, పిల్లలు తమకి కావలసిన ఆసుపత్రుల జాబితా వరసగా రాస్తారు. రెండింటినీ కంప్యూటర్ జత చేస్తుంది. దాన్నే మ్యాచ్ అంటారు, 1952 నుంచి నడుస్తోంది. మార్చి మూడో వారంలో సోమవారం నాడు సీటు వచ్చిందో లేదో, శుక్రవారం నాడు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. 2024లో ఇలా వెళ్ళిన విదేశీ పౌరుల్లో, అంటే అక్కడి పౌరసత్వం లేకుండా బయటి దేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్ళలో, నూటికి 58 మందికే సీటు దొరికింది. కాబట్టి తల్లిదండ్రుల భయం మాకు అర్థమవుతుంది. లక్షలు అప్పు చేసి పంపినవాళ్ళకి ఏ చిన్న సంగతీ చిన్నగా కనిపించదు.

ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి అక్కడ పనిచేసే రెసిడెంట్లు, అంటే జూనియర్ డాక్టర్లు, వచ్చిన పిల్లల్ని భోజనానికి పిలుస్తారు. పెద్ద ప్రొఫెసర్లు సాధారణంగా ఉండరు. ఆసుపత్రి గురించి మనసు విప్పి మాట్లాడుకోవడానికి పెట్టిన భోజనం అది. బల్ల మీద వైను, బీరు ఉండొచ్చు. ఇక్కడే మనవాళ్ళకి కంగారు.

సంక్రాంతికి వచ్చిన మన డాక్టరు బాబు మన హాల్లో ఏం చెప్పాడో గుర్తు చేసుకోండి. 'డిన్నర్ ఉంటుంది, డ్రింక్స్ ఉంటాయి, తాగడం తాగకపోవడం మీ ఇష్టం' అన్నాడు. ఆ కడపటి ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండు వారాల్లో ఆ మాట చేతులు మారి మారి 'కొంచెం తాగాలి' అయింది, తర్వాత 'తాగకపోతే కలవలేరనుకుంటారు' అయింది, ఇప్పుడు 'తాగడం నేర్పాలి' దగ్గరికి వచ్చింది. బాబు తప్పేమీ లేదు. మధ్యలో మాట మార్చింది మన పెద్దలే.

సరే, వాళ్ళ వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, 'అది వాళ్ళ సంస్కృతి, రోమ్‌లో రోమన్‌లా ఉండాలి.' అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసేది ఒక్క రకం మనుషులా? ముస్లిం డాక్టర్లున్నారు, మార్మన్ డాక్టర్లున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు, మందులు వాడుతున్నవాళ్ళు, తాగుడు మానేసి బయటపడ్డవాళ్ళు, కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళు ఉన్నారు. వీళ్ళంతా ఆ బల్ల దగ్గరే సోడా తాగుతూ కూర్చుంటారు. ఎందుకు తాగవు అని అడగడమే అక్కడ అమర్యాద. ఇంటర్వ్యూల్లో మతం, పెళ్ళి, పిల్లలు లాంటివి అడగకూడదని మ్యాచ్ నిబంధనల్లోనే ఉంది. అంత జాగ్రత్త పడే చోట, నిమ్మచెక్క వేసిన సోడా గ్లాసు చూసి సీటు కొట్టేస్తారని మనం పిల్లల్ని బెదిరిస్తున్నాం.

రెండోది, 'ఒక్క గ్లాసే కదా.' ఎప్పుడూ తాగని పిల్ల. పగలంతా ప్రయాణం, సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు, తెల్లారితే ఇంటర్వ్యూ. ఆ పిల్లకి మొదటి గ్లాసు ఆ రాత్రే కావాలా? భోజనం దగ్గర ఎవరెలా ఉన్నారో రెసిడెంట్లు తర్వాత కమిటీకి చెప్పడం మామూలే. నోరు జారినవాణ్ణి గుర్తుపెట్టుకుంటారు. ఇంకో ఆసుపత్రిని తిట్టినవాణ్ణి, పక్కమ్మాయితో వెకిలిగా మాట్లాడినవాణ్ణి గుర్తుపెట్టుకుంటారు. సోడా తాగినవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇంకో సంగతి మన హాల్లో ఎవరూ ఎత్తలేదు. తాగి కారు నడిపి పట్టుబడితే, కోర్టులో నేరం రుజువు కాకముందే, అరెస్టు అయిన మాట మీదనే వీసా రద్దు చేసే పద్ధతి అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి పాటిస్తోంది. డాక్టరు లైసెన్సు అప్లికేషన్లలో కూడా ఇలాంటి అరెస్టుల గురించి చాలా రాష్ట్రాలు అడుగుతాయి. అక్కడి పిల్లవాడికి అది జరిమానాతో పోవచ్చు. మన పిల్లవాడు పెట్టె సర్దుకుని విమానం ఎక్కాల్సి రావచ్చు. ఒక్క గ్లాసు ధర ఇద్దరికీ ఒకటి కాదు.

మూడోది, 'ఇంటర్వ్యూకి డిన్నర్ ముఖ్యం.' 2020లో కరోనా వచ్చిన దగ్గర్నుంచి చాలా ఆసుపత్రులు ఇంటర్వ్యూలు, ముందు రోజు పలకరింపులు కూడా కంప్యూటర్ మీదే చేస్తున్నాయి. మనిషిని పిలిచేవి కొన్నే. అంటే మన పిల్లల్లో చాలామంది బరంపురంలో వాళ్ళ గదిలోనే కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ పక్కన పెట్టుకుని మాట్లాడతారు. దానికి గోపాలపూర్ హోటల్లో వైన్ గ్లాసు ట్రైనింగా?

మా ఉద్యోగం నుంచి ఒక మాట. రైలు నడిపే డ్రైవరు డ్యూటీ ఎక్కే ముందు లాబీలో బ్రెత్ ఎనలైజర్‌లో ఊదాలి. రాత్రి తాగింది పొద్దున ఊపిరిలో కనిపించినా బండి ఇవ్వరు. వెయ్యి ప్రాణాలు అతని చేతిలో ఉన్నాయి కాబట్టి. రేపు మనిషి గుండె మీద చెయ్యి వేసేవాడికి మనం పరీక్షకి ముందు రాత్రి గ్లాసు అందిస్తామా? ఏ కొద్ది మద్యమైనా ఆరోగ్యానికి క్షేమం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. ఆ సంగతి రోగులకి చెప్పాల్సినవాళ్ళు ఈ పిల్లలే.

ఇంకొకటి, కాస్త ఘాటుగా ఉంటుంది. 2024 ఆగస్టులో మన చికిటి దగ్గర నాటుసారా తాగి జనం ఎంకేసీజీకి వచ్చారు. ప్రాణాలు పోయాయి. ఆ రోజు మన గ్రూపులో 'తాగుబోతులకి ఇంతే' అని రాసినవాళ్ళున్నారు. మేము పేర్లు చెప్పం. వాళ్ళలో కొందరి చేతులే మొన్న ప్రాక్టీసు డిన్నర్‌కి లేచాయి. కూలివాడు తాగితే తాగుబోతు, మనవాడు తాగితే కల్చరా? మేము చిన్నప్పుడు తమిళ బళ్ళో తిరుక్కుఱళ్ బట్టీ పట్టాం. కల్లు తాగకపోవడం మీద అందులో ఒక అధికారమే ఉంది. తమిళంలోనూ కల్లే, తెలుగులోనూ కల్లే. సీసా మీద ఇంగ్లీషు లేబులు ఉంటే పేరు మారిపోదు.

మన ఊరి మనిషినే చూడండి. వి.వి. గిరి గారు 1894లో ఈ బరంపురంలో, తెలుగు ఇంట్లో పుట్టారు. 1913లో లా చదవడానికి ఐర్లండు వెళ్ళారు. తిరిగొచ్చాక 1922లో మద్యం దుకాణాలకి వ్యతిరేకంగా ప్రదర్శన చేసి అరెస్టయ్యారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపారు. మేము పనిచేసిన ఈ లైను ఆ రైల్వేదే. 1969లో రాష్ట్రపతి అయ్యారు. విదేశం వెళ్ళొచ్చిన పిల్లవాడు ఊరికి ఏం తేవచ్చో చూపించిన మనిషి. ఆయన బొమ్మ మన హాల్లో గోడకి ఉంది. దాని కిందే మొన్న చేతులెత్తాం.

ఇంత చెప్పే అర్హత మాకేముంది అంటారా? నిజం చెప్పేస్తాం. ముప్పై ఏళ్ళ కిందటి మాట. మేము పనిచేసిన ఒక చోట కొత్తగా ఒక కుర్రాడు చేరాడు. ఎవరిదో ట్రాన్స్‌ఫర్ పార్టీ. ఆ కుర్రాడు గ్లాసు బోర్లించి పెట్టాడు. దాన్ని తిరగేసి నిలబెట్టింది వేరెవరో కాదు, మేమే. 'పెద్దవాళ్ళు పోస్తే కాదనకూడదు, అందరితో కలవాలి' అన్నాం. తాగాడు. ఆ తర్వాత తాగడానికి అతనికి మా అవసరం లేకపోయింది. కొన్నేళ్ళకి జీతాల రోజున అతని భార్య పిల్లనెత్తుకుని ఆఫీసు గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టింది. నలభై ఐదు నిండకుండా పోయాడు. మీవల్లే అని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు. చివరిదాకా మమ్మల్ని 'అన్నయ్యగారూ' అనే పిలిచింది. మేము ఆ రోజు నుంచి మానేశాం. అయితే ఏం లాభం?

'అందరితో కలవాలి.' అదే మాట మొన్న మన హాల్లో మళ్ళీ విన్నాం. అందుకే నవ్వినా నోరు మూసుకోలేకపోతున్నాం.

తాగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. మా స్నేహితుల్లోనే ఉన్నారు. ఇరవై అయిదేళ్ళ డాక్టరు తనకి తానుగా తాగాలనుకుంటే అది ఆ మనిషి ఇష్టం, మధ్యలో మనమెవరం? కానీ తాగడం సీటుకి మెట్టు అని సంఘం నోటితో చెప్పకూడదు, సంఘం డబ్బుతో నేర్పకూడదు. ఇంకో మాట తాగని పిల్లలకి. బల్ల దగ్గర పక్కవాడి గ్లాసు చూసి ముఖం చిట్లించొద్దు, మన గొప్ప చెప్పుకోవద్దు. 'థాంక్స్, నాకు సోడా చాలు' అనండి. వెంటనే వాళ్ళ డ్యూటీ గురించి, రోగుల గురించి అడగండి. కారణం చెప్పక్కర్లేదు. అబద్ధం అసలే వద్దు.

ఆదివారం మేము మూడు మాటలు ముందు పెడతాం. ఒకటి, ఆ హోటల్ డబ్బుతో పిల్లలకి కంప్యూటర్ మీద నమూనా ఇంటర్వ్యూలు పెట్టిద్దాం. అమెరికాలో ఉన్న మన డాక్టర్లు గంట చొప్పున కూర్చుంటే చాలు. రెండు, వాళ్ళు రాసే ఒక్కో పరీక్షకి లక్ష రూపాయల దగ్గర అవుతోంది. మిగిలిన డబ్బు కొట్టు నడుపుకునేవాళ్ళ పిల్లలకి వడ్డీ లేని అప్పుగా ఇద్దాం. మూడు, ఇది మనకి, పెద్దలకి. సంఘం ఫంక్షన్లలో హాలు వెనక కారు డిక్కీల దగ్గర జరిగేది ఇకమీదట జరగకూడదు. ఆ వాసనతోనే లోపలికొచ్చి పిల్లలకి శాలువాలు కప్పుతున్నాం. ముందు అది ఆపితే, పిల్లలకి చెప్పే మాటకి విలువ ఉంటుంది.

ఓడిపోతే ఓడిపోతాం. చేతులు లెక్కపెట్టడం మాకు అలవాటే, యూనియన్ మీటింగుల్లో ఎన్నోసార్లు ఓడాం. కానీ ఆ అమ్మాయి కూడా ఆదివారం వస్తానంది. గేటు దగ్గర ఆమెకి మేము 'వస్తుందమ్మా, తాగకపోయినా వస్తుంది' అని జవాబిచ్చాం. అదే జవాబు మీ చేతులతో కూడా ఇప్పించండి.

ఆదివారం సాయంత్రం 5 గంటలకి. అందరూ రండి. ఆడవాళ్ళు తప్పకుండా రండి, పోయినసారి మిమ్మల్ని అడగకుండానే చేతులు లెక్కపెట్టారు.