పాట ఎవరిదో ముందు రాయండి

2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా నుంచి లీగల్ నోటీసు వెళ్లింది. తన అనుమతి లేకుండా తన పాటలు వేదికల మీద పాడరాదన్నది దాని సారాంశం. ఆ పర్యటనలో ఇక ఇళయరాజా పాటలు పాడనని బాలు ఫేస్‌బుక్‌లో ప్రకటించారు. ఇద్దరినీ ఇంటి మనుషులుగా చూసుకునే తెలుగు శ్రోతలు నొచ్చుకున్నారు. బాలు పాడిన పాట బాలుది కాకుండా పోతుందా అని అడిగారు. 2019లో ఆ ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం జనంలోకి వెళ్లలేదు.

చట్టం చెప్పే జవాబు సూటిగానే ఉంది. ఒక సినిమా పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్, గానం వేటికవే హక్కులు. పాటను మళ్లీ పాడినప్పుడు, అంటే కవర్ చేసినప్పుడు, పాత రికార్డింగ్ జోలికి వెళ్లం. కవి మాట, స్వరకర్త బాణీ వాడుకుంటాం. కనుక డబ్బు చేరవలసింది ఆ ఇద్దరికి, లేదా వారి నుంచి హక్కులు పొందినవారికి. కచేరీ విషయంలో ఆ అనుమతి తీసుకోవలసిన బాధ్యత ప్రధానంగా టిక్కెట్లు అమ్మే నిర్వాహకులది. 2017 గొడవలో నిర్వాహకుల సంగతి పెద్దగా చర్చకు రాలేదు. ఆ పాటలు రాసిన కవుల ఊసు అంతకన్నా తక్కువ. ఇళయరాజా తెలుగు బాణీల్లో ఎన్నింటికో మాటలు పొదిగిన వేటూరి 2010లో కన్నుమూశారు. రచయిత మరణించిన తర్వాత అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది కాబట్టి ఆయన సాహిత్యానికి 2070 చివరిదాకా రక్షణ ఉంది. ఇద్దరు మహానుభావుల మధ్య తగవుగా చూసిన ఆ వ్యవహారంలో మూడో మనిషి కూడా ఉన్నాడని మనకు తట్టలేదు.

కవర్ పాటల వివాదాల్లో నాకు ప్రధానంగా కనిపించేది ఇదే. పాట మీద ఎవరి పేరు ఉంటే డబ్బు వారి దగ్గరికే నడుస్తుంది. పేరు జారిపోతే ఎంత గొప్ప చట్టమైనా వెంటనే ఆదుకోలేదు.

సాలొమన్ లిండా కథ ఇందుకు సాక్ష్యం. దక్షిణాఫ్రికాకు చెందిన జులూ గాయకుడతను, గాలో రికార్డు కంపెనీ గిడ్డంగిలో పని చేసేవాడు. 1939లో జొహనెస్‌బర్గ్‌లో తన బృందంతో ‘మ్బూబే’ అనే పాట రికార్డు చేశాడు. ఆ పాట దక్షిణాఫ్రికా అంతటా మోగింది. 1950ల మొదట్లో అమెరికన్ బృందం ‘ది వీవర్స్’ దాన్ని ‘విమొవే’గా పాడింది. రచయిత స్థానంలో పాల్ క్యాంప్‌బెల్ అన్న పేరు పడింది. అలాంటి మనిషే లేడు. సంప్రదాయ గీతాల మీద రాయల్టీ తీసుకోవడానికి ఆ బృందం పెట్టుకున్న మారుపేరు అది. లిండా తన హక్కులను 10 షిల్లింగులకు రాసిచ్చేశాడు. 1961లో ‘ది టోకెన్స్’ కొత్త ఇంగ్లీషు మాటలతో పాడిన రూపం అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది లిండా చనిపోయాడు. సమాధి మీద రాయి వేయించే స్తోమత కూడా ఆ కుటుంబానికి లేకపోయింది. 1994లో డిస్నీ ‘ది లయన్ కింగ్’ ద్వారా ఆ పాట కొత్త తరం పిల్లలందరి నోటా పలికింది.

2000లో పాత్రికేయుడు రియాన్ మలాన్ రాసిన కథనంతో కదలిక వచ్చింది. బ్రిటిష్ వారి 1911 కాపీరైట్ చట్టంలో ఒక నియమం ఉంది: రచయిత హక్కులు అమ్ముకున్నా, అతను చనిపోయిన 25 ఏళ్లకు అవి వారసులకు తిరిగొస్తాయి. దాని ఆధారంగా 2004లో దావా పడింది. 2006లో రాజీ కుదిరి, గతంలో వచ్చిన, ఇకపై రాబోయే ఆదాయంలో లిండా వారసులకు వాటా దక్కింది. సహ స్వరకర్తగా అతని పేరూ నమోదైంది. పాట పుట్టిన 67 ఏళ్లకు!

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ డాలీ పార్టన్. తాను రాసి పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను ఎల్విస్ ప్రెస్లీ పాడతానంటే ఆమె ఎంతో సంతోషించింది. పాట ప్రచురణ హక్కుల్లో సగం ఇస్తేనే అని అతని మేనేజర్ మెలిక పెట్టాడు. ఆమె ఒప్పుకోలేదు, ఎల్విస్ పాడలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ ‘ది బాడీగార్డ్’ కోసం పాడినప్పుడు అది ప్రపంచాన్ని ఊపేసింది, రచయిత్రి వాటా పార్టన్‌కే దక్కింది.

మన దగ్గర పార్టన్‌లా కాదనగల బలం కవికి చాలాకాలం లేదు. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి హక్కుదారని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. 2012లో జావేద్ అఖ్తర్ తదితరుల పోరాటం ఫలించి చట్టం మారింది. సినిమా హాల్లో ప్రదర్శన మినహా మిగతా వాడకాలన్నిటిలో కవికీ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. దాన్ని ఒప్పందం పేరుతో వదులుకోమన్నా చెల్లదు. నా దృష్టిలో భారతీయ పాటకు స్వాతంత్ర్యం వచ్చినంత పెద్ద మార్పు ఇది.

అదే సవరణలో కవర్ పాటలకు 31సి అనే సెక్షన్ వచ్చింది. అసలు రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ముందుగా నోటీసివ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి, కవర్ అని స్పష్టంగా రాయాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఏడాదికి కనీసం 50 వేల ప్రతులకు రాయల్టీ కట్టాలన్న షరతు క్యాసెట్ల కాలపు ఆలోచన. వరంగల్‌లోనో విజయనగరంలోనో గిటార్ పట్టుకుని యూట్యూబ్‌లో పాడే విద్యార్థికి ఆ దారి మూసేసినట్టే. అతను ఆడియో కంపెనీ దయ మీద, పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ యంత్ర వ్యవస్థ మీద ఆధారపడుతున్నాడు. ఎన్నిసార్లు విన్నారన్న లెక్కన చిన్న రుసుము కట్టి ఎవరైనా పాడుకోగలిగేలా ఈ సెక్షన్‌ను తిరగరాయాలి. పాడే పిల్లల్ని దొంగల్లా చూడటం అన్యాయం, రాసినవారిని మరిచిపోవడమూ అన్యాయమే.

జానపదాల సంగతి మరీ కష్టం. ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ 2021లో మారుమోగినప్పుడు, అంతకుముందే టీవీ వేదిక మీద ఆ పాట పాడిన కోమలి తనకు గుర్తింపు దక్కలేదని బాధపడ్డారు. దర్శకుడు శేఖర్ కమ్ముల స్పందించి ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామన్నారు. మంచి పని, అయితే అది ఒక దర్శకుడి సంస్కారం మీద ఆధారపడింది. పల్లె పాటను వెతికి, దాచి, నేర్పినవారికి మన కాపీరైట్ చట్టంలో విడిగా చోటు లేదు. ఇంకో ప్రమాదమూ ఉంది. వంగపండు, గూడ అంజయ్య, గోరటి వెంకన్నల పాటలు జనం నోట నలిగి నలిగి జానపదాలంత దగ్గరయ్యాయి. వాటిని కూడా ‘జానపదం’ అని రాసి కవర్ చేస్తే, లిండాకు జరిగిందే ఇక్కడా జరుగుతుంది. అతని పాటనూ ఆఫ్రికా సంప్రదాయ గీతమనే అనుకున్నారు.

ఆడియో కంపెనీలు యూట్యూబ్ వివరణలో హీరో, హీరోయిన్, బ్యానర్ పేర్లు వరసగా ఇచ్చి రచయితను వదిలేయడం మానాలి. కవుల కుటుంబాలు తమ పెద్దల పాటల జాబితా తయారు చేసి, పాటల రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్‌లో నమోదు చేయించుకోవాలి. నమోదు కాని పాటకు వసూలైన సొమ్ము ఎవరికివ్వాలో ఆ సంస్థకు తెలిసే వీలుండదు. కవర్ పాట పాడే ప్రతి యువ గాయనికీ, గాయకుడికీ నా విన్నపం ఒక్కటే: మీ పేరు కన్నా ముందు రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు పెట్టండి. తెలియకపోతే పెద్దవాళ్లను అడిగి, పాత క్యాసెట్ అట్ట చూసి, తెలుసుకున్నాకే పాట పెట్టండి.